నడక దూరంలో సాహిత్యం: విజయనగరం, వాల్తేరు కళాశాల పట్టణాల చరిత్రపై ఒక పరిశీలన

ప్రస్తావన

ఉత్తరాంధ్ర ఆధునిక సాహిత్య వికాసాన్ని వివరించేటప్పుడు మన సాహిత్య చరిత్రకారులు సాధారణంగా రెండు కారణాలు చూపుతారు. ఒకటి సంస్థానాధీశుల పోషణ, రెండవది ప్రతిభావంతుల ఆవిర్భావం. గురజాడ వెనుక ఆనందగజపతిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం వెనుక జయపురం మహారాజును నిలిపి, తక్కిన భారమంతా వ్యక్తుల ప్రతిభకు అప్పగించి ముందుకు సాగడం ఒక ఆచారంగా స్థిరపడింది. ఆ రెండు కారణాలూ సత్యదూరమైనవి కావు. కాని అవి చాలవు. విజయనగర ప్రభువుల ధనం విజయనగరంలోనే కాదు, కాశీలోనూ మద్రాసులోనూ వ్యయమైంది. తెలుగు సాహిత్యానికి ఫలమిచ్చింది మాత్రం విజయనగరంలో పెట్టిన పెట్టుబడే. అదే ధనం ఒకచోట గ్రంథాలుగా, నాటక సమాజాలుగా, భాషావాదాలుగా మారి, మరొకచోట దానశాసనంగా మాత్రమే మిగిలిపోవడానికి కారణం ఏమిటన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ ప్రశ్నకు ఊరి స్వరూపంలో కొంత సమాధానం ఉందన్నది ప్రస్తుత వ్యాసం ప్రతిపాదన. కళాశాల, కోట, కోర్టు, బజారు, భోజనం దొరికే ఇల్లు, నాటకం ఆడే చోటు, ఇవన్నీ ఒక మనిషి ఒక పూటలో కాలినడకన చుట్టి రాగలిగినంత దూరంలో ఉన్నప్పుడు చదువుకూ సాహిత్యానికీ మధ్య ఒక ప్రత్యేకమైన రాకపోకల మార్గం ఏర్పడుతుంది. అటువంటి ఊరిని ఇక్కడ ‘కళాశాల పట్టణం’ అని వ్యవహరిస్తున్నాను. పరిశీలనకు తీసుకున్నవి పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని రెండు స్థలాలు: విజయనగరం, విశాఖపట్నంలోని వాల్తేరు. 1979లో విజయనగరం ప్రత్యేక జిల్లా అయ్యేవరకు ఈ రెండూ ఒకే జిల్లాలోని ఊళ్లు. రోడ్డు మార్గాన వాటి మధ్య దూరం సుమారు అరవై కిలోమీటర్లు. ఒకటి కోట చుట్టూ పెరిగిన కళాశాల పట్టణం. రెండవది రేవు పట్టణం సరసన, ఎత్తు నేల మీద కొత్తగా వెలసిన విద్యాస్థానం. తరువాతి కాలంలో ఓడరేవు, నౌకా నిర్మాణశాల, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం దానిని మహానగరం చేశాయి.

బొంకులదిబ్బ నుంచి విశాఖ దాకా

విజయనగరంలో 1857లో పాఠశాలగా మొదలైన విద్యాసంస్థ 1879లో మహారాజా కళాశాల అయింది. కోట, కళాశాల, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, పైడితల్లి అమ్మవారి గుడి, అయ్యకోనేరు, పెద్దచెరువు, గురజాడవారి ఇల్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో ఆ ఊరిలో ఒక ఉదయం తిరిగినవారికి తెలుస్తుంది. సిరిమానోత్సవం నాడు సిరిమాను అమ్మవారి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఊరిలో అధికారానికి ప్రతీక అయిన కోటా, జనవిశ్వాసానికి నెలవైన గుడీ ఒకే వీధికి రెండు కొసలుగా ఉండటం వల్లనే ఆ ఉత్సవం ఆ రూపంలో సాధ్యమైంది. కళాశాల కూడా ఆ వలయంలోనే ఉంది. విద్యార్థి ఊరిని తప్పించుకొని తరగతికి వెళ్లే వీలు లేదు.

ఈ స్వరూపానికి మనకు దొరికే మొదటి సాహిత్య పటం ‘కన్యాశుల్కం’. 1892లో జగన్నాథ విలాసినీ నాటక సమాజం దానిని విజయనగరంలోనే ప్రదర్శించింది. 1897లో తొలి కూర్పు, 1909లో సమగ్రంగా తిరిగి రాసిన కూర్పు వెలువడ్డాయి. నాటకం బొంకులదిబ్బ మీద గిరీశం స్వగతంతో ఆరంభమవుతుంది. బొంకులదిబ్బ కోట ఎదుట నలుగురూ మసలే బహిరంగ స్థలం. ఇంగ్లీషు చదువు అబ్బినట్టు మాట్లాడే ఒక మాటకారి, పరీక్ష తప్పిన ఒక విద్యార్థి, ఒక వేశ్య, పూటకూళ్లు నడుపుకొనే ఒక వితంతువు, అగ్రహారం నుంచి వ్యవహారాలకు వచ్చిన ఒక పంతులు, ఈ అయిదుగురి జీవితాలూ మొదటి అంకంలోనే చిక్కుపడతాయి. వారిని కలపడానికి గురజాడ ప్రత్యేకంగా ఏ యాదృచ్ఛిక సంఘటననూ కల్పించవలసి రాలేదు. వాళ్లంతా ఒకరికొకరు అందుబాటులో ఉన్నారు. పూటకూళ్లమ్మ తన డబ్బు తిన్న గిరీశాన్ని వెదుక్కుంటూ నేరుగా మధురవాణి ఇంటికి రాగలుగుతుంది. అప్పులవాడు ఎక్కడ ఉంటాడో తెలియడానికి ఆ ఊరిలో విచారణ అక్కరలేదు.

నగర జీవనంపై 1961లో వెలువడిన తన గ్రంథంలో అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ ఒక వీధిని నిలబెట్టేది ఆ వీధి మీద నిత్యం ఉండే చూపులేనని వాదించింది. పూటకూళ్లమ్మ ఆ సూత్రానికి ఆరు దశాబ్దాల ముందటి దృష్టాంతం అనవచ్చు, కాకపోతే ఆమె చూపుతో సరిపెట్టుకొనే మనిషి కాదు. ఇక్కడ గమనించవలసింది గిరీశం ఊరు విడిచిపోవడానికి గల కారణం. నాటక కథను నడిపేది అతని సంస్కరణాభిలాష కాదు, ఆ ఊరిలో అతనికి దాక్కొనే చోటు లేకపోవడం. వెంకటేశానికి సెలవుల్లో చదువు చెప్పే నెపంతో అతను కృష్ణరాయపురం అగ్రహారానికి బయలుదేరుతాడు. అంటే చిన్న కళాశాల పట్టణం తన మాటకారిని పెంచి పోషించింది, తనే అతనిని వెళ్లగొట్టింది కూడా. ఈ రెండు పనులూ చేయగల ఊరు నాటకకర్తకు దొరకడం సామాన్యమైన అదృష్టం కాదు.

నాటకం ముగిసే చోటు విశాఖపట్నం. జిల్లా కోర్టు, వకీలు సౌజన్యారావు పంతులు ఇల్లు అక్కడివి. కళాశాల పట్టణం నుంచి కోర్టు పట్టణానికి సాగిన ఈ ప్రయాణాన్ని మన విమర్శకులు ఎక్కువగా కథానిర్మాణ దృష్టితో చూశారు. దానిని స్థల దృష్టితో చూస్తే ఇంకొక అంశం కనిపిస్తుంది. మధురవాణి సౌజన్యారావు వద్దకు పురుషవేషంలో వెళ్తుంది. వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకొన్న పెద్దమనిషి గడప దాటడానికి ఆమెకు అంతకంటే మార్గం లేదు. ఊరంతా నడక దూరంలోనే ఉంది, కాని ఏ గుమ్మం ఎవరికి తెరుచుకుంటుందన్నది దూరంతో తేలే విషయం కాదు. చిన్న ఊళ్ల సౌందర్యాన్ని గురించి మాట్లాడేవారు ఈ ఒక్క దృశ్యాన్ని మరవకూడదని నా అభిప్రాయం.

వారాలు, పూటకూళ్లు, మధూకరం

కళాశాల పట్టణం బతికేది భవనాల వల్ల కాదు, భోజనం వల్ల. పల్లె నుంచి చదువుకు వచ్చిన పేద విద్యార్థికి ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో ఉన్న ఆధారాలు మూడు: చేతిలో కాస్త డబ్బుంటే పూటకూళ్ల ఇల్లు, పరిచయాలుంటే వారాలు, ఏదీ లేకపోతే మధూకరం. వారాలంటే వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం. ఏడు రోజులకు ఏడిళ్లు. ఆ ఏడిళ్లూ కళాశాలకు నడక దూరంలో ఉండాలి. మధ్యాహ్నం గంట కొట్టాక వెళ్లి, తిని, మళ్లీ తరగతికి చేరుకోవాలి. కనుక వారాల పద్ధతి కేవలం దాతృత్వానికి సంబంధించింది కాదు, ఊరి పరిమాణానికి కూడా సంబంధించింది. ఊరు పెరిగి ఇళ్లు దూరమైతే దాత మనసు ఎంత మంచిదైనా ఆ పద్ధతి నిలవదు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఘంటసాల వేంకటేశ్వరరావు. కృష్ణా జిల్లా నుంచి సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం వచ్చిన ఆ కుర్రవాడు పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిక్షణ పొందాడు, మధూకరం ఎత్తుకొని కడుపు నింపుకొన్నాడు. 1919లో ఏర్పడిన విజయరామ గాన పాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. 1936లో ఆ బాధ్యత ద్వారం వేంకటస్వామి నాయుడికి వచ్చింది. హరికథా పితామహుడూ వాయులీన విద్వాంసుడూ ఒకరి తరువాత ఒకరు ఏలిన ఆ పాఠశాల కీర్తిని మనం ఆచార్యుల పేర్లతోనే చెప్పుకుంటాం. జోలె పట్టిన కుర్రవాడికి ఇంత అన్నం వేసిన గృహిణుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. ఆ పాఠశాల వెలుపలి అంగంగా పనిచేసింది మాత్రం ఆ ఇళ్లే.

ఇక్కడే ఒక పరిమితిని స్పష్టంగా చెప్పుకోవాలి. వారాలూ మధూకరమూ ప్రధానంగా బ్రాహ్మణ విద్యార్థులకు అందుబాటులో ఉన్న ఏర్పాట్లు. తక్కిన కులాల పిల్లలకు అవి చాలా కొద్దిగా, దళిత విద్యార్థులకు బొత్తిగా లేవు. వారికి వీధి నడవడానికే తప్ప ఆగడానికి కాదు. కనుక ‘అందరూ అందరికీ తెలిసిన ఊరు’ అన్న మాటలో ఉన్న ఆత్మీయత ఎంతో, నిఘా అంత. ఆ ఊరిలో అందరికీ తెలిసే సంగతుల్లో కులం మొదటిది. వసతి గృహాలు ఏర్పడిన తరువాతనే చదువు భోజనానికి సంబంధించిన ఈ కట్టుబాటు నుంచి కొంత విడివడింది. పాత కళాశాల పట్టణాన్ని తలచుకొని నిట్టూర్చే వ్యాసాలు మనకు చాలా ఉన్నాయి. ఆ నిట్టూర్పు ఎవరిదన్న ప్రశ్న వేసినవి తక్కువ.

మూడు ఊళ్లు, ఒక వాదం

ఇంత చిన్న ఊరు బయటి ప్రపంచంతో ఎలా మాట్లాడింది? వ్యావహారిక భాషోద్యమం దీనికి సమాధానం. గురజాడ, గిడుగు రామమూర్తి విజయనగరం పాఠశాలలో సహాధ్యాయులు. గిడుగు ఆపైన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు, గురజాడ విజయనగరంలోనే ఉండిపోయారు. విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు. పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్ లేవనెత్తిన సందేహం ఈ ముగ్గురినీ కలిపింది. తెలుగువారు మాట్లాడే భాషకూ పిల్లల పుస్తకాల్లోని భాషకూ ఇంత అంతరం ఎందుకన్నది ఆ సందేహం. జవాబు చెప్పిన ముగ్గురూ ఉపాధ్యాయులు. మద్రాసులోని పండితవర్గం నుంచి గాని, ఏదైనా పీఠం నుంచి గాని ఈ ప్రశ్నకు ఆ జవాబు రాలేదు. పొద్దున్న తరగతి గదిలో గ్రాంథికం చెప్పి, సాయంకాలం అదే పిల్లలతో, వాళ్ల తండ్రులతో, బజారులో బేరగాళ్లతో మాట్లాడే మనుషులకే ఆ అంతరం రోజూ కాలికి తగిలే రాయి అవుతుంది. పెద్ద నగరంలో పాఠం చెప్పే భాషా బతికే భాషా వేర్వేరు పేటల్లో ఉండవచ్చు. చిన్న ఊరిలో ఆ రెండింటి మధ్య ఒక వీధి మలుపే ఉంటుంది.

తరువాతి తరంలో రోణంకి అప్పలస్వామి, చాసో, శ్రీరంగం నారాయణబాబుల మైత్రి ఇదే స్వరూపానికి కొనసాగింపు. రోణంకి మహారాజా కళాశాలలో ఇంగ్లీషు చెప్పేవారు, పలు ఐరోపా భాషలు తెలిసినవారు. చాసోకు కళాశాలలో ఉద్యోగం లేదు. అయినా ఆయన కథల మీద కళాశాల ప్రభావం ఉంది, కళాశాల విద్యార్థుల మీద ఆయన ప్రభావం ఉంది. 1942లో చదువుకు వచ్చిన ఆరుద్రకు అక్కడ దొరికిన అసలు పాఠాలు ఈ పరిచయాల వల్ల దొరికినవే. ఫ్రాన్సులో పుట్టిన అధివాస్తవికత తెలుగులోకి విజయనగరం మీదుగా వచ్చిందంటే, ఆచార్యుడికీ ఆచార్యుడు కాని రచయితకూ మధ్య ద్వారపాలకుడు లేకపోవడం దానికి ముఖ్య కారణం.

ఎత్తు మీద విశ్వవిద్యాలయం

1926 చట్టంతో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదట బెజవాడలో పనిచేసి, స్థల వివాదాల తరువాత 1930లో వాల్తేరు చేరింది. 1931లో కళల కళాశాల, మరుసటి యేట జయపురం మహారాజు విక్రమదేవవర్మ విరాళంతో వైజ్ఞానిక, సాంకేతిక కళాశాల ఆరంభమయ్యాయి. తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి. 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువ అధ్యాపకులను రాధాకృష్ణన్ కాలంలోనే ఇక్కడికి తీసుకువచ్చారు. పింగళి లక్ష్మీకాంతం తెలుగు శాఖలో చేరడం కూడా ఈ కాలంలోనే జరిగింది.

వాల్తేరు ఎంపికలో ఉన్న ఆలోచన విజయనగరానికి పూర్తిగా భిన్నమైనది. పాత విశాఖపట్నం కోటవీధి, కురుపాం మార్కెట్టు, టౌన్ హాలు, ఎ.వి.ఎన్. కళాశాల చుట్టూ రేవుకు ఆనుకొని ఉంది. వాల్తేరు దానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, సముద్రాన్ని చూస్తూ ఉన్న ఎత్తు నేల. కంపెనీ కాలం నుంచి దొరలు రేవు ఉక్కపోతను తప్పించుకోవడానికి బంగళాలు కట్టుకొన్న చోటు. అక్కడ విశ్వవిద్యాలయాన్ని కట్టినవారు విద్యార్థి బజారు సందడికి దూరంగా, వసతి గృహంలో, ఆచార్యుల సన్నిధిలో ఉండాలని కోరుకొన్నారు. శాంతినికేతనం, చిదంబరం పక్కన వెలసిన అణ్ణామలై విశ్వవిద్యాలయం కూడా అదే యుగపు ఆశయాలు. వసతి గృహం వారాల అవమానాన్ని తప్పించిందన్నది నిజం. ఆ మేలును తక్కువ చేయకూడదు. అయితే ఊరికీ చదువుకూ మధ్య తొలిసారిగా ఒక ఎక్కుడు ఏర్పడింది.

ఆ ఎక్కుడు ఫలితాన్ని ఒక విడ్డూరంలో చూడవచ్చు. విశ్వవిద్యాలయం వాల్తేరులో స్థిరపడిన తొలి దశాబ్దంలో తెలుగు కవిత్వంలో వచ్చిన అతి పెద్ద మార్పుకు కారకుడైన శ్రీశ్రీ విశాఖలోనే ఉన్నాడు, కాని విశ్వవిద్యాలయంలో లేడు. 1910లో ఆ ఊళ్లోనే పుట్టి, 1928లో స్థానిక కవితాసమితి ద్వారా ‘ప్రభవ’ ప్రచురించి, మద్రాసులో పట్టం పుచ్చుకొని తిరిగి వచ్చి, 1935లో ఎ.వి.ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాడు. ‘మహాప్రస్థానం’ గీతం 1934 నాటిది. అంటే ఆ కవిత్వానికి ఊరు పాత ఊరు, రేవు, నిరుద్యోగం, పురిపండా అప్పలస్వామి వంటి మిత్రుల కవితాసమితి. కొత్త ఓడరేవు 1933లో తెరుచుకొన్న ఊరిలో శ్రమజీవిని గురించిన కవిత్వం పుట్టడాన్ని పాశ్చాత్య ప్రభావంతో మాత్రమే వివరించడం నాకు సమంజసంగా తోచదు. రేవుకు వెళ్లే కూలీలు ఆ కవికి పుస్తకాల్లో కనిపించినవాళ్లు కారు.

విశ్వవిద్యాలయానికీ ఊరికీ మధ్య దారి అసలు పడలేదని దీని అర్థం కాదు. పడింది, అయితే తరగతి గది వైపు నుంచి కాదు. ఒక దారిని వేసింది గ్రంథాలయం. విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా ఉన్న అబ్బూరి రామకృష్ణారావు కవి, రంగస్థల ప్రియుడు, ఎం.ఎన్. రాయ్ భావాలకు ఆకర్షితుడు. ఇంకొక దారిని వేసింది నాటకం. విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి ప్రయోగాత్మక నాటక సంస్థను నడిపించి, అంతర్ కళాశాలల నాటక పోటీలను ఒక సంప్రదాయంగా నిలబెట్టారు. దీనివల్ల విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల విద్యార్థులు ఏటా నాటకాలతో వాల్తేరు చేరుకొనేవారు. పరిపాలనాధికారి ఒకరు, పుస్తకాల అధికారి ఒకరు ఈ వారధిని కట్టడం, ఆ పని శాఖల ద్వారా జరగకపోవడం తెలుగు శాఖలవారమైన మనకు ఆలోచించవలసిన విషయమే.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. జనం ఊరు విడిచారు. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, యుద్ధానంతరం 1946లో తిరిగి వచ్చింది. నాలుగేళ్లు ఒక విశ్వవిద్యాలయం తన ఊరు లేకుండా బతికిందన్న సంగతి దాని స్వభావాన్ని చెబుతుంది. మహారాజా కళాశాలను విజయనగరం నుంచి తరలించడం ఊహించడానికైనా కష్టం.

ఉక్కు కోసం నడిచినవాళ్లు

తిరిగి వచ్చిన విశ్వవిద్యాలయానికి ఊరు మారిపోయి కనిపించింది. 1941లో పునాది పడిన నౌకా నిర్మాణశాల నుంచి 1948లో ‘జల ఉష’ నీటిలోకి దిగింది. 1951 జనగణనలో ఊరి జనాభా లక్ష దాటింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. అయినా మరో రెండు దశాబ్దాలు వాల్తేరు, పాత ఊరు, వాటి నడుమ మహారాణిపేట, కింగ్ జార్జ్ ఆసుపత్రి, వైద్య కళాశాల ఒకే నడక వలయంలో ఉండేవి. రాచకొండ విశ్వనాథశాస్త్రి కథల్లోని విశాఖ ఇదే. వకీలైన ఆ రచయితకు కోర్టు ఆవరణలో, సందుల్లో, సారా కొట్ల దగ్గర దొరికిన మనుషులే పాత్రలు. ‘కన్యాశుల్కం’లో కళాశాల పట్టణానికి బొంకులదిబ్బ ఎటువంటిదో, రావిశాస్త్రి రచనలో రేవు పట్టణానికి కోర్టు ఆవరణ అటువంటిది. అందరూ వచ్చి తీరవలసిన చోటు.

ఈ వలయపు శక్తి పూర్తిగా బయటపడింది 1966లో. విశాఖలో ఉక్కు కర్మాగారం స్థాపించాలని కోరుతూ అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్ష ఆరంభించారు. తెన్నేటి విశ్వనాథం వంటి నాయకులు ఉద్యమాన్ని నడిపించారు. విద్యార్థులు తరగతులు విడిచి వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న ప్రాసబద్ధమైన నినాదాన్ని మన సాహిత్య చరిత్రలు లెక్కలోకి తీసుకోవు. కాని ఆ శతాబ్దిలో తెలుగులో పుట్టిన పంక్తుల్లో అంతమంది నోట పలికినవి అరుదు. ఊరేగింపుగా నడుస్తూ అనడానికి వీలైన లయ దానిది.

మూడేళ్ల తరువాత ఇదే ఊరిలో మరొక సంఘటన. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు విశాఖలో జరిగాయి. శ్రీకాకుళం గిరిజన పోరాటం సాగుతున్న కాలమది. రచయితలు ఎటువైపు నిలబడతారో తేల్చుకోమని నిలదీస్తూ విశాఖ విద్యార్థుల పేరిట ఒక కరపత్రం ఆ సభల్లో వెలువడింది. ఆ యేటి జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడటానికి ఆ కరపత్రం ఒక ప్రేరణ. దాని రాజకీయాలపై ఎవరి అభిప్రాయం వారిది. ఈ వ్యాసానికి ముఖ్యమైన విషయం వేరు: అది అచ్చయి ఒక పత్రికా కార్యాలయానికి వెళ్లలేదు, సభకు వచ్చిన రచయితల చేతుల్లోకి నేరుగా చేరింది. విద్యార్థికీ మహాకవికీ మధ్య అప్పటికి ఉన్న దూరం అంతే.

1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. కర్మాగారం గాజువాక దాటి, పాత ఊరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో వెలసింది. ఉక్కునగరం అనే కొత్త ఊరు దానితోబాటు పుట్టింది. పల్లెలు కదిలి నిర్వాసితుల కాలనీలయ్యాయి. 1979లో నగరపాలక సంస్థ అయిన విశాఖ 2005లో గాజువాకనూ చుట్టుపక్కల గ్రామాలనూ కలుపుకొని మహా విశాఖ అయింది. విద్యార్థులు కాలినడకన ఊరేగి సాధించుకొన్న కర్మాగారమే ఆ ఊరిని కాలినడకకు అందనంత చేసింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసింది లేదు. ఉక్కు ఉద్యోగాలు ఎన్నో కుటుంబాలకు తొలి తరం చదువులు ఇచ్చాయి. ఆ పిల్లల్లో అనేకులకు విజయనగరం వారాలు గాని, రచయితల ఇళ్ల అరుగులు గాని ఎన్నడూ దక్కేవి కావు. ఈ లెక్కను కూడా వేసుకొన్న తరువాతనే పోయినదాన్ని గురించి మాట్లాడాలి.

పోయింది మాత్రం నిజమే. నేడు విశ్వవిద్యాలయ ప్రాంగణాలు సిరిపురం, చినవాల్తేరు, మద్దిలపాలెం నడుమ ఉన్నాయి. ఒక పక్క జాతీయ రహదారి, ఒక పక్క సముద్రానికి దిగే దారులు, సమీపంలో జాలరిపేట. ఒకనాడు ఊరికి దూరంగా ఉండాలని కట్టిన ఆవరణ ఇప్పుడు ఊరి మధ్యలో ఉంది, కాని ఊరితో దాని సంబంధం పెరిగిందని చెప్పలేం. పాత ఊరు వన్ టౌన్ అనే పేరుతో ఒక పోలీసు ఠాణా పరిధిగా వ్యవహారంలో మిగిలింది. అక్కడి కోటవీధిలో కోట లేదు. ‘కన్యాశుల్కం’ చివరి అంకం నడిచిన విశాఖను వీధుల వారీగా గుర్తించే పని ఇంకా ఎవరైనా చేయవలసి ఉంది. రావిశాస్త్రి కథల్లోని స్థలనామాలను పటం మీద గుర్తిస్తే ఆయన పాత్రలు ఒక రోజులో ఎంత దూరం నడిచేవో, ఎక్కడ ఆగిపోయేవో తేలుతుంది. ఈ రెండు పనులకూ ఇంటింటి జ్ఞాపకం ఉన్న వృద్ధులు కావాలి. వారి సంఖ్య తగ్గుతోంది.

ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో జరిగే సాహిత్య సభలకు వెళ్లేవారికి ఒక అలవాటు తెలిసే ఉంటుంది. వక్త ముగింపుకు రాకముందే వెనుక వరుసల్లో కొందరు లేస్తారు. వారు విసుగు చెంది లేచినవాళ్లు కారు. గాజువాక, కూర్మన్నపాలెం బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో వాళ్లకు తెలుసు.